వాలు స్థలంలో రిటైనింగ్ వాల్ డిజైన్ చేయించుకున్నాం: ఫీజు దండగా, కాదా?

ముందే చెప్పేస్తాను: మా రిటైనింగ్ వాల్, అంటే ఎత్తున ఉన్న మట్టి జారిపోకుండా ఆపే గోడ, డిజైన్ చేసినవాళ్ళకి నా మార్కులు డ్రాయింగుకి అయిదుకి అయిదు, సైటు మీదికి రావడానికి అయిదుకి రెండు. సగటు తీసి మూడున్నర అనేస్తే వాళ్ళకీ అన్యాయమే, చదివేవాళ్ళకీ ఉపయోగం ఉండదు. కాగితం మీద ఇంత శ్రద్ధగా పనిచేసినవాళ్ళని ఈ ఇంటి పనిలో నేను ఇంకెక్కడా చూడలేదు, అదే మనుషులు కాంక్రీట్ వేసే రోజు ఫోన్ ఎత్తలేదు. పేరు రాయట్లేదు. రాస్తే పొగిడిన చోట ప్రకటన అంటారు, తిట్టిన చోట పగ అంటారు. వైజాగ్‌లో ఒక చిన్న స్ట్రక్చరల్ కన్సల్టెన్సీ, ఒక పెద్దాయన, ఇద్దరు కుర్రాళ్ళు, అంతే. ఇలాంటి ఆఫీసులు మన ఊళ్ళన్నిట్లో ఉన్నాయి కాబట్టి ఇందులో చాలావరకు మీ ఊరి ఆఫీసుకీ వర్తిస్తుంది.

మా స్థలం మధురవాడ అవతల కొండ వాలులో వేసిన లేఔట్‌లో ఉంది. ముందు భాగం రోడ్డు లెవెల్లోనే ఉంటుంది, వెనక్కి వెళ్ళేకొద్దీ దిగిపోయి చివరికి పదడుగుల దిగువన పక్క లేఔట్ వాళ్ళ సందులో తేలుతుంది. మట్టి నింపి లెవెల్ చేస్తే తప్ప వెనక సగం దేనికీ పనికిరాదు, నింపాలంటే అరవై అడుగుల పొడవున గోడ కావాలి. మేస్త్రీని అడిగితే ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "తొమ్మిదంగుళాల ఇటుక గోడ, పదడుగులకో పిల్లర్, మధ్యన రెండు బెల్టులు ఏసేద్దామమ్మా, ఏనుగొచ్చి గుద్దినా కదల్దు" అన్నాడు. ఏనుగైతే ఒకసారి గుద్ది తన దారిన పోతుంది. మట్టి అలా కాదు కదా, రాత్రీ పగలూ తోస్తూనే ఉంటుంది.

ఇంజనీరు దగ్గరికి వెళ్ళాల్సిందే అన్న పట్టుదల మా ఇంట్లో సింహాచలం తర్వాత వచ్చింది. 2025 ఏప్రిల్ 30 తెల్లవారుజామున, చందనోత్సవం రోజు, వానకి క్యూలైను పక్కన కొత్తగా కట్టిన గోడ కూలి ఏడుగురు భక్తులు పోయారు. అంతకు ఏడాది ముందు, 2024 మే 7న, హైదరాబాద్ బాచుపల్లిలో భారీ వానకి కడుతున్న అపార్ట్‌మెంట్ రిటైనింగ్ వాల్ పక్కనున్న షెడ్ల మీద పడి ఏడుగురు చనిపోయారు, అందులో నాలుగేళ్ళ పిల్లాడు కూడా ఉన్నాడు. రెండు చోట్లా గోడ పాతబడి కూలలేదు, వాన పడ్డాకే కూలింది. మా గోడ కింద ఆ సందులో సాయంత్రమైతే పిల్లలు క్రికెట్ ఆడతారు. ఇంక వేరే ఆలోచన ఏముంటుంది?

మొదటి సిట్టింగ్ నాకు బాగా నచ్చింది. గోడ ఎంత ఎత్తు అని అడగకముందే పైన ఏం పెడతారు అని అడిగారు. కారు నిలుపుతారా, లారీ వస్తుందా, ఇల్లు గోడకి ఎంత దూరం, సంపు ఎక్కడ, సెప్టిక్ ట్యాంక్ ఎక్కడ, డాబా మీది వాననీళ్ళు ఏ మూలకి దిగుతాయి, కొండ మీంచి వచ్చే నీళ్ళు మీ స్థలంలోంచి వెళ్తాయా పక్కనుంచి వెళ్తాయా. ప్లాన్‌లో సంపు గోడ పక్కనే ఉంది. పెద్దాయన పెన్నుతో దాన్ని కొట్టేసి ముందు వైపుకి లాగారు. ఏ సంపైనా ఎప్పుడో ఒకప్పుడు కారుతుంది, కారిన నీళ్ళన్నీ గోడ వెనకే చేరతాయి అని ఆయన వాదన. ఇంటి పునాదిని కూడా దగ్గరికి రానివ్వలేదు. గోడ వెనక మట్టి జారితే ఎంత మేర జారుతుందో దానికో గీత ఉంటుంది, అది ఫుటింగ్ (గోడ అడుగున వేసే వెడల్పాటి కాంక్రీట్ పునాది) వెనక అంచు దగ్గర మొదలై మా మట్టికి 60 డిగ్రీల వాలులో పైకి లేస్తుంది, పైకి వచ్చేసరికి గోడ నుంచి పన్నెండడుగుల పైచిలుకు దూరంలో తేలుతుంది. ఆ లోపల పునాది పడితే ఇంటి బరువు కూడా గోడ మీదికే వస్తుంది. ఇంటి ప్లాన్ గీసిన ఆర్కిటెక్ట్ ఈ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు, వెనక బెడ్‌రూమ్‌ని ఏకంగా గోడకి నాలుగడుగుల్లో పెట్టేశాడు.

మట్టి పరీక్ష లేకుండా డిజైన్ చేయం అన్నారు. ఆ ఖర్చు ఫీజులో లేదు, విడిగా ల్యాబ్ వాళ్ళకి కట్టుకోవాలి, ఇది ముందే చెప్పి ఉంటే బాగుండేది. అయితే పరీక్ష వల్ల లాభమే జరిగింది. పైన అయిదారడుగులు ఎర్రటి బంకమట్టి, దాని కింద పిండి పిండిగా నలిగిపోయే ఖోండలైట్. వైజాగ్ కొండలు ఎక్కువగా ఈ రాయే, ఎండకీ వానకీ నాని మెత్తబడిపోతుంది, గట్టి రాయి అనుకుని గునపం వేస్తే బెల్లం అచ్చులా విరుగుతుంది. పునాది ఆ బంకమట్టి మీద కాకుండా కింద పొర మీదే కూర్చోవాలని తేల్చారు. గోడ వెనక నింపడానికి తవ్విన మట్టినే మళ్ళీ వాడొద్దు, గ్రావెల్ తెప్పించండి అని డ్రాయింగ్ మీదే రాశారు. మేస్త్రీకి ఇది అస్సలు నచ్చలేదు, ఊరికే దొరికే మట్టి వదిలేసి లారీలకి డబ్బులు పోయడమేంటని ఆయన బాధ.

ఎర్రమట్టి చేసే మోసం ఒకటుంది. దాన్ని నిట్టనిలువుగా కోస్తే ఎండాకాలమంతా చెక్కుచెదరకుండా నిలబడుతుంది, జేసీబీతో కోసిన అలాంటి గట్లు కొత్త లేఔట్లలో మీరూ చూసే ఉంటారు. దాన్ని చూస్తే మట్టి తనంతట తనే నిలబడుతుంటే గోడకింత ఖర్చెందుకు అనిపిస్తుంది, మా మామగారైతే పైకే అనేశారు. ఆ నిలబడటం వెనక ఉన్నది రేణువుల మధ్య మిగిలిన కాస్త తేమ పట్టు. వాననీళ్ళు పూర్తిగా ఇంకాక ఆ పట్టు వదిలేస్తుంది. అందుకే లెక్కలో ఆ జిగటని సున్నా కింద తీసుకుని, రేణువుల మధ్య రాపిడిని మాత్రమే నమ్మారు. "ఆ బలం ఏప్రిల్‌లో ఉంటుందండీ, అక్టోబర్‌లో ఉండదు" అన్నారు పెద్దాయన. హుద్‌హుద్ తుపాను మన మీదికి వచ్చింది 2014 అక్టోబర్ 12న. మామగారు తర్వాత మాట్లాడలేదు.

ఇక అసలు లెక్క. వాళ్ళిచ్చిన లెక్కల కాగితాలు నేను కూర్చుని చదివాను, చదివించుకున్నాను కూడా, ఆ కుర్రాడు ఓపిగ్గా చెప్పాడు, దానికి మాత్రం మెచ్చుకోవాలి. మట్టి కిందికి పోయేకొద్దీ పక్కకి తోసే ఒత్తిడి పెరుగుతుంది, పైన సున్నా, అడుగున అన్నిటికంటే ఎక్కువ. కిందికి దిగే బరువులో ఎంత భాగం పక్కకి తిరుగుతుందనేది మట్టి రాపిడి కోణం మీద, అంటే రేణువులు జారకుండా ఒకదాన్నొకటి ఎంత పట్టుకుంటాయో చెప్పే అంకె మీద ఉంటుంది. మా గ్రావెల్‌కి 30 డిగ్రీలు తీసుకున్నారు, దానికి సరిగ్గా మూడో వంతు వస్తుంది. ఈ సూత్రం 1857లో రాంకిన్ అనే స్కాట్లాండ్ ఇంజనీరు ఇచ్చింది. అంతకంటే ముందు 1776లోనే ఇంకో పద్ధతిలో లెక్క కట్టినాయన కూలుంబ్, మనం ఇంటర్ ఫిజిక్స్‌లో విద్యుదావేశాల దగ్గర చదువుకున్న ఆయనే. ఆయన అసలు ఉద్యోగం ఫ్రెంచి సైన్యంలో ఇంజనీరు, మార్టినిక్ దీవిలో కోట కట్టించాడు. నాకు ఈ సంగతి తెలిశాక లెక్క మీద కాస్త గౌరవం పెరిగింది, ఎందుకో.

మా గోడ పైకి కనిపించేది పదడుగులు, నేలలోకి మూడడుగుల పైచిలుకు, మొత్తం 4 మీటర్లు. ఘనపు మీటరు మట్టి 1.8 టన్నులు అనుకుంటే గోడ ప్రతి మీటరు పొడవునా మట్టి ఒక్కటే దాదాపు 4.8 టన్నుల బలంతో తోస్తుంది. పైన కారు, ఇతర బరువులకని చదరపు మీటరుకి టన్ను చొప్పున వేస్తే ఇంకో 1.3 టన్నులు. కలిపి ఆరు టన్నుల పైమాట. అరవై అడుగుల పొడవుకి కూడితే సుమారు 110 టన్నులు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ దీన్ని ఆపాలన్నమాట!

ఇందులోనే ఇంకో సంగతి ఉంది, ఇది మా వీధిలో చాలామందికి చెప్పాల్సి వచ్చింది. మట్టి ఎత్తు రెట్టింపైతే తోపుడు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. గోడని అడుగు దగ్గర విరిచే బలం ఎనిమిది రెట్లవుతుంది. పక్క ప్లాటాయన అయిదడుగుల గోడ కట్టి మూడేళ్ళుగా ఏం కాలేదు కదా, మీరు దాన్నే కాస్త లావుగా కట్టుకోండి అని సలహా ఇచ్చాడు. ఆయన గోడకీ మా గోడకీ పోలికే లేదు. చుట్టాల డ్రాయింగులు వాట్సాప్‌లో తెప్పించుకుని కట్టేవాళ్ళు కూడా ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు.

వాళ్ళు ఇచ్చింది ఎల్ లాంటి, సరిగ్గా చెప్పాలంటే తలకిందులు చేసిన టీ లాంటి కాంక్రీట్ గోడ. అడుగున 350 మిల్లీమీటర్లు, పైన 200. ఫుటింగ్ వెడల్పు 2.6 మీటర్లు, అంటే ఎనిమిదిన్నర అడుగులు, అందులో అయిదడుగులు గోడ వెనక మట్టి కింద ఉంటుంది. దాన్ని హీల్ అంటారు, ముందు పొడుచుకొచ్చేది టో. నేను అనుకున్నది గోడ లావుగా ఉంటే ఆగుతుందని. అసలు ఆపేది హీల్ మీద ఎక్కి కూర్చున్న మట్టి. తోసేదీ అదే మట్టి, పట్టి ఉంచేదీ అదే మట్టి. ఇటుక గోడకి ఆ హీల్ ఉండదు, అందుకే ఎన్ని పిల్లర్లు వేసినా మట్టి బరువు దానికి సాయపడదు.

పడిపోతుందా అన్న లెక్కలో మా గోడ హాయిగా గట్టెక్కింది, నిలబెట్టే బలం పడగొట్టే బలానికి రెండున్నర రెట్లు. చిక్కంతా జారిపోవడంలో వచ్చింది. గోడ పడకుండానే నిలువునా ముందుకి జరిగిపోవచ్చు, ఆ లెక్కలో రాపిడి ఒక్కటే చూస్తే 1.2 మాత్రమే వచ్చింది, వాళ్ళు కనీసం 1.5 ఉండాలని పట్టుబట్టారు. ఫుటింగ్ ఇంకా వెడల్పు చెయ్యకుండా దాని అడుగున ఒకటిన్నర అడుగుల లోతుకి ఒక కాంక్రీట్ అడ్డకట్ట దింపారు, షియర్ కీ అంటారట. అది ముందున్న మట్టిని పట్టుకుని గోడని జరగనివ్వదు. మేస్త్రీ దీన్ని చూసి "ఇదేటమ్మా, పునాది కింద పునాది" అని నవ్వాడు. నవ్వినా నవ్వకపోయినా డిజైన్ చేయించుకోవడం వల్ల కలిగిన లాభం చూపించమంటే నేను ముందు ఈ అడ్డకట్టనే చూపిస్తాను. ఇది అనుభవం మీద తట్టేది కాదు, లెక్క చేస్తేనే తేలుతుంది.

నచ్చనిది కూడా చెప్పాలి. టో రెండున్నర అడుగులు. అది మన హద్దు దాటకూడదు, కాబట్టి గోడ హద్దుకి రెండున్నర అడుగులు లోపలికి జరిగింది. అరవై అడుగుల పొడవున రెండున్నర అడుగుల స్థలం కింద సందు లెవెల్లో ఉండిపోయింది. కాగితం మీద మనదే, చేతికి రాదు, ఇప్పటికే ఎవరో అక్కడ స్కూటర్ పెడుతున్నారు. టో లేకుండా హీల్ పొడిగించి కట్టొచ్చు, అయితే ఫుటింగ్ ముందు అంచు దగ్గర నేల మీద ఒత్తిడి బాగా పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది అని రెండు రకాలకీ అంకెలు వేసి చూపించారు. తేల్చుకోవడం మాకు వదిలేశారు, అది పద్ధతైన పనే. కానీ స్థలం పోతుందనే మాట మొదటి సిట్టింగ్‌లోనే అనాల్సింది, రెండో డ్రాయింగ్ వచ్చాక కాదు. మీరు దిగువ వైపు ఉండి పక్కవాళ్ళ ఎత్తు స్థలాన్ని ఆపాల్సి వస్తే ఇంకా తిరకాసు, హీల్ వాళ్ళ స్థలంలోకి వెళ్తుంది. ముందే మాట్లాడుకోండి.

గోడ ముందు ముఖం నిట్టనిలువుగా కాకుండా కొంచెం వెనక్కి వాలుగా ఉండాలని డ్రాయింగ్‌లో ఉంది. ఇది అందానికి అనుకున్నాను. మట్టి తోపుడు ఆ మూడో వంతుకి తగ్గాలంటే గోడ కాస్త ముందుకి వంగాల్సిందేనట, ఎత్తులో వెయ్యో వంతు చాలు, మా గోడకి నాలుగైదు మిల్లీమీటర్లు. నిట్టనిలువుగా కడితే ఆ వంగడం కంటికి కనిపించి జనం గోడ పడిపోతోందని భయపడతారు, అందుకని ముందే వెనక్కి వాల్చి కడతారు. హైదరాబాద్‌లో సెల్లార్ గోడలకి ఈ వెసులుబాటు లేదు, పైన స్లాబ్ పట్టేసుకుంటుంది కాబట్టి గోడ కదలదు, అప్పుడు మూడో వంతు బదులు సగం తీసుకోవాలి. అంటే అదే మట్టికి ఒకటిన్నర రెట్లు తోపుడు. సెల్లార్ తవ్విస్తున్నవాళ్ళు మీ ఇంజనీరుని ఈ ఒక్క ప్రశ్న అడగండి, తడబడితే ఇంకొకర్ని చూసుకోండి.

ఇప్పుడు నీళ్ళ సంగతి. డ్రాయింగ్ షీట్లలో సగం నీళ్ళ గురించే ఉంది, మొదట చూసి ఇదేంటి గోడ అడిగితే డ్రైనేజీ గీశారు అనుకున్నాం. లెక్క చూస్తే అర్థమైంది. గోడ వెనక మట్టి పైదాకా నీళ్ళతో నిండిపోతే ఆ నీళ్ళే మీటరుకి 8 టన్నులు తోస్తాయి, నీళ్ళలో తేలి బరువు తగ్గిన మట్టి ఇంకో 2.7. మొత్తం పదిన్నర పైమాట. మామూలుగా ఉండే 4.8 ఎక్కడ, ఈ పదిన్నర ఎక్కడ! మట్టికి లెక్కేసి కట్టిన మంచి గోడ కూడా నీళ్ళు నిలిస్తే రెండింతల బరువు మోయాలి. గోడలు వానల్లోనే ఎందుకు కూలతాయో దీంతో తెలిసిపోయింది.

అందుకని గోడలో మీటరున్నరకొకటి చొప్పున మూడంగుళాల పైపులు, బయటికి వాలుగా, వరసలు మార్చి మార్చి. ఇవి అందరూ పెడతారు, మా లేఔట్‌లో ప్రతి గోడకీ ఉన్నాయి. తేడా వెనక ఉంది. పైపు వెనక నేరుగా మట్టి పోస్తే మొదటి వానకే మట్టి కొట్టుకొచ్చి పైపు మూసుకుపోతుంది, ఆ తర్వాత అది అలంకారం. వీళ్ళు గోడ వెనక అడుగు మందాన పైదాకా కంకర పొర వేయించి, కంకరకీ మట్టికీ మధ్య జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిపించారు, నీళ్ళు దిగుతాయి, మట్టి దిగదు. అడుగున చిల్లుల పైపు ఒకటి పొడుగునా వేసి చివర సందు కాలువలో కలిపారు. పైన నేల మీద గోడ వెంబడే ఒక చిన్న సిమెంట్ కాలువ, డాబా నీళ్ళు కూడా అందులోంచి పక్కకి పోవాలి, లోపలికి ఇంకకూడదు. మా వీధి చివర ఒక ఇంటి గోడకి పైపుల్లో గోనెపట్టా ముక్కలు కుక్కి ఉన్నాయి, ఎందుకంటే బయటికి మట్టి నీళ్ళు కారి రంగు పాడవుతోందట. రంగు కోసం!

డ్రాయింగ్ నాణ్యత గురించి ఇంకొక్క మాట. ముఖ్యమైన చోట్ల తెలుగులో పెద్దక్షరాలతో 'మట్టి వైపు', 'సందు వైపు' అని రాసిచ్చారు. దాని విలువ సైటు మీద తెలిసింది. ఈ రకం గోడలో లావు రాడ్లు మట్టి వైపు ఉండాలి, గోడ ముందుకి వంగినప్పుడు సాగేది ఆ ముఖమే కాబట్టి. మా డ్రాయింగ్ ప్రకారం మట్టి వైపు 16 ఎంఎం రాడ్లు 200 మిల్లీమీటర్లకి ఒకటి, సందు వైపు 10 ఎంఎం రాడ్లు. ఫుటింగ్‌లో మళ్ళీ తిరగేసి, హీల్‌లో పై భాగాన, టోలో కింది భాగాన.

రాడ్లు కట్టేవాళ్ళు గోడలో దీన్ని పూర్తిగా తారుమారు చేసి కట్టారు. లావువన్నీ సందు వైపు, సన్నవి మట్టి వైపు. వాళ్ళ ఆలోచన ఏంటంటే పడితే ముందుకే కదా పడేది, అందుకని ముందు వైపే బలం ఉండాలి. వినడానికి సబబుగానే ఉంటుంది, అదే ప్రమాదం. అలాగే కాంక్రీట్ పోసేసి ఉంటే బయటికి చూడ్డానికి ఏ తేడా ఉండేది కాదు, కంపెనీ సిమెంటు, కంపెనీ రాడ్లు, నున్నటి గోడ, లోపల మాత్రం సగం బలం కూడా ఉండదు. కాంక్రీట్ ముందు రోజు సాయంత్రం డ్రాయింగ్ పట్టుకుని నేనూ మా తమ్ముడూ వెళ్ళి చూస్తే ఆ తెలుగు అక్షరాల వల్ల దొరికింది. మొత్తం విప్పించి మళ్ళీ కట్టించాం. మేస్త్రీ మూతి ముడుచుకున్నాడు గానీ కట్టాడు.

మరి కన్సల్టెంట్లు ఎక్కడున్నారు? ఇదే నా అసలు కంప్లయింట్. కాగితంలో 'అవసరాన్ని బట్టి సైట్ విజిట్లు' అని ఉంది. ఫుటింగ్ గొయ్యి తవ్వినప్పుడు కుర్రాడొచ్చి చూశాడు, నేల బాగుందన్నాడు, ఫొటోలు తీసుకున్నాడు. గోడ రాడ్లు చూడటానికి మాత్రం ఎవరూ రాలేదు. 'ఫొటోలు పంపండి' అన్నారు. పంపాం, 'ఓకే' అని మెసేజ్ వచ్చింది. ఆ ఫొటోల్లో ఉన్నవి తిరగేసి కట్టిన రాడ్లే! తర్వాత ఫోన్ చేసి అడిగితే ఫొటో ఏ వైపు నుంచి తీశారో తెలియలేదండీ అన్నారు. తెలియకపోతే అడగాలి కదా? పెద్దాయన తర్వాత స్వయంగా ఫోన్ చేసి బాధపడ్డారు, ఆఖరి వాయిదాలో కొంత తగ్గించుకున్నారు కూడా. తగ్గించారు కాబట్టి రెండు ఇచ్చాను, లేకపోతే ఒకటే.

మట్టి నింపడం దగ్గర మళ్ళీ డ్రాయింగే కాపాడింది. కాంక్రీట్ గట్టిపడేదాకా, మాకైతే 28 రోజులు, వెనక మట్టి పోయొద్దని, పోసేటప్పుడు అడుగు మందం లోపు పొరలుగా వేసి చిన్న కంపాక్టర్‌తోనే కొట్టాలని, గోడ దగ్గరికి రోలర్ గానీ జేసీబీ గానీ రాకూడదని స్పష్టంగా ఉంది. జేసీబీ డ్రైవర్‌కి ఈ పొరల కథ విసుగు, ఒకేసారి తోసేస్తే గంటలో అయిపోతుంది కదా అంటాడు. గోడ వెనక బండి తిరిగితే దాని బరువు, కుదుపు అన్నీ గోడ మీదే పడతాయి. ఇక్కడ కాపలా కాయాల్సింది మీరే, ఎవరో వచ్చి చూస్తారని అనుకోకండి.

వానాకాలం వచ్చింది, అల్పపీడనాలూ వచ్చాయి. పెద్ద వాన రాత్రి కింది వరస పైపుల్లోంచి నీళ్ళు ధారగా వచ్చాయి, కాసేపటికే తేటగా మారాయి, మట్టి రంగు లేదు. పై వరస పొడిగానే ఉంది, అంటే నీళ్ళు అంత ఎత్తుకి చేరలేదన్నమాట. ఆ కుర్రాడికి వీడియో పంపితే ఈసారి వెంటనే ఫోన్ చేసి, చివరి రెండు పైపులు ఎందుకు కారట్లేదని అడిగి, సందు చివర కాలువలో చెత్త తీయించమన్నాడు. తీయించాక కారాయి. గోడలో బీటలు లేవు, సన్న గీతలు రెండున్నాయి, కాంక్రీట్ ఆరేటప్పుడు వచ్చేవే, పెరగట్లేదు.

ఈ సర్వీసు అందరికీ అవసరమా అంటే కాదు. మూడడుగుల లోపు తేడా అయితే మన రాతి కట్టడం చాలు, అడుగున వెడల్పు ఎత్తులో సగానికి తగ్గకుండా కట్టి నీళ్ళకి దారి వదిలితే సరిపోతుంది. అయిదడుగులు దాటి కింద మనుషులు తిరిగే చోటైతే మాత్రం ఫీజు గురించి ఆలోచించకండి. గుంటూరు, కృష్ణా వైపు నల్లరేగడి వాళ్ళు మా డ్రాయింగ్ అడుగుతున్నారు, దయచేసి వాడకండి. నల్లమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఆ ఉబ్బు తోపుడు ఈ లెక్కలో ఎక్కడా లేదు. ముందు గోడ వెనక నల్లమట్టి తీయించి గ్రావెల్ పోయించాలి. విజయవాడ కృష్ణలంక గోడ 2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చినా ఊరిని కాపాడింది కదా, అలాంటిది కట్టమంటున్నారు కొందరు. అది ముందునుంచి వచ్చే నదిని ఆపే గోడ, మనది వెనకనుంచి వచ్చే కొండని ఆపే గోడ, పేరు ఒకటే గానీ పని వేరు.

డబ్బు విషయం. గోడకి మొత్తం ఆరు లక్షల చిల్లర అయింది, డిజైన్ ఫీజు అందులో పాతిక వేలు, మట్టి పరీక్ష విడిగా. మేస్త్రీ చెప్పిన ఇటుక గోడ మూడు లక్షల్లో అయ్యేది. మీరు ఇలాంటి ఆఫీసుకి వెళ్తే 'అవసరాన్ని బట్టి' అనే మాటని కొట్టేయించి మూడు విజిట్లు రాయించుకోండి: గొయ్యి తవ్వాక, ఫుటింగ్ రాడ్లు కట్టాక, గోడ రాడ్లు కట్టాక. మూడోదానికి మనిషి వచ్చి సంతకం పెడితేనే కాంక్రీట్ అని, ఆఖరి వాయిదా దానికి ముడిపెట్టండి. విజిట్‌కి వెయ్యో రెండు వేలో ఎక్కువడిగినా ఇచ్చేయండి. జీఎస్టీ బిల్లు అడిగితేనే ఇస్తారు, లోన్ ఉన్నవాళ్ళు మర్చిపోకుండా అడగండి, బ్యాంకు వాళ్ళు నన్ను దానికోసం రెండు వారాలు తిప్పారు.